ఉగ్గుగిన్నె: మధుర, కోయంబత్తూరు తెలుగు కాపురములలో పాలు కుడువలేని బిడ్డలను సాకిన తీరు

క్రీ.శ. 1689 లో మధుర నాయకరాజగు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు మశూచి సోకి చిన్న వయసుననే మరణించెను. అప్పటి కాతని రాణి ముత్తమ్మ గర్భవతి. ఆమె సహగమనమునకు సిద్ధపడగా, అత్తగారగు మంగమ్మ కడుపులోని బిడ్డను జూపి వారించి, ప్రసవమగువరకు ఎట్లో ఆపగలిగెను. మగశిశువు కలిగెను. కాని ప్రసవించిన కొలది దినములకే తల్లి తన పంతమును నెగ్గించుకొని ప్రాణములు విడిచెను. బాలింత యొడలికి సరిపడని పన్నీటిని విస్తారముగా వాడి జబ్బు తెచ్చుకొనెనని మధుర వృత్తాంతములు చెప్పుచున్నవి. తండ్రి ముఖ మెరుగక, తల్లి యొడి వారము దినములైనను ఎరుగక మిగిలిన ఆ బిడ్డయే విజయరంగ చొక్కనాథ నాయకుడు. పొత్తిళ్ళలో నుండగనే అతనికి పట్టము గట్టి, నాయనమ్మ మంగమ్మ 1706 వరకు రాజ్యభారము వహించెను.

రాణి మంగమ్మ వేయించిన బాటలను గూర్చియు, కట్టించిన సత్రములను గూర్చియు చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. మధుర రైలు నిలయమున కెదురుగా నామె పేరిటి సత్రము నేటికిని నిలిచియున్నది. అయితే ఆ రాజ్యమంతయు ఒక పసిగ్రుడ్డు బ్రతుకుటపై ఆధారపడియుండిన ఆ తొలి మాసములలో, ఆ గ్రుడ్డు ఎవరి పాలతో బ్రతికెనను ప్రశ్నను చరిత్ర గ్రంథములు పట్టించుకొనలేదు. ఆ బిడ్డ పెరిగి, రాజ్యమేలి, 1732 వరకు జీవించి, శ్రీరంగ మాహాత్మ్యము, మాఘ మాహాత్మ్యము అను తెలుగు వచన గ్రంథములకు కర్తయయ్యెను. శ్రీరంగాలయమున కుటుంబముతో గూడిన అతని నిలువెత్తు ప్రతిమలను యాత్రికులు నేటికిని చూచుచున్నారు. ఎవరో యొక దాది తన రొమ్మిచ్చియో, ఎవరో యొక ముసలమ్మ ఓపికతో గిన్నెపాలు పోసియో ఉండనిచో, ఆ వచనమును లేదు, ఆ ప్రతిమలును లేవు. దక్షిణాంధ్ర వాఙ్మయ చరిత్రలో ఆ స్త్రీకి ఒక పంక్తి చెల్లవలసియున్నది.

తల్లి ఆరోగ్యవతియై, బిడ్డ పుష్టిగా నున్నప్పుడు పాలిచ్చుటకు చరిత్ర యేమి యుండును? అది జీవధర్మము. తల్లికి జబ్బు చేసినప్పుడు, బిడ్డ నెలలు నిండక పుట్టినప్పుడు, అంగిలి చీలి పుట్టినప్పుడు, గుండెలో లోపముతో పుట్టినప్పుడు ఇంటివారు ఏమి చేసిరి, ఇరుగుపొరుగు ఏమి చేసెను, రాజశాసనము ఏమి చేసెను, వైద్యుడు ఏమి చేసెనను విచారణ మొదలగుచున్నది. ఆ విచారణకు మధుర, కోయంబత్తూరు ప్రాంతములందలి తెలుగు కాపురములు మంచి క్షేత్రము. ఏలనగా, ఇంటిలో తెలుగును, వీధిలో తమిళమును, ఆసుపత్రిలో ఆంగ్లమును వినుచు ఈ కుటుంబములు బిడ్డలను పెంచుకొనుచు వచ్చినవి. ఒకే వస్తువునకు మూడు పేరులు, ఒకే కష్టమునకు మూడు సలహాలు వీరికి అలవాటు.

ఈ కాపురముల పుట్టుపూర్వోత్తరములు సావనీరు చదువరులు ఎరిగినవే కనుక క్లుప్తముగా చెప్పిన చాలును. విజయనగర ప్రభువుల పక్షమున విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో నిలదొక్కుకొనుటయు, డెబ్బదిరెండు పాళెముల యేర్పాటును, ఆ వెనుక కమ్మవారు, బలిజలు, రెడ్లు, కంబళత్తార్లు తమిళదేశపు నల్లరేగడి నేలలలో స్థిరపడుటయు ప్రసిద్ధములు. కోయంబత్తూరు చుట్టుపట్ల పీళమేడు, కలంగల్ వంటి ఊళ్ళలో తెలుగు రైతులు ప్రత్తి పండించిరి. అక్కడి అరుంధతీయుల ఇండ్లలోను తెలుగు బ్రతికియున్నది. ఆ వలసల జ్ఞాపకములనే ఇడైసెవల్ గ్రామవాసి యగు కి. రాజనారాయణన్ 1976 లో 'గోపల్ల గ్రామము' అను తమిళ నవలగా మలచెను. తెలుగు తల్లి పెంచిన బిడ్డ తమిళమున వ్రాసి కీర్తి గడించుట ఈ సీమలో వింత కాదు.

పూర్వపు ఇండ్లలో తల్లికి పాలు లేనప్పుడు మొదటి యుపాయము మరొక స్త్రీ పాలే. ఇంటిలో తోడికోడలో, ఆడబిడ్డయో బాలింతయై యున్నచో ఇద్దరు బిడ్డలును ఒకే యొడిలో పెరిగిరి. కలిగినవారి ఇండ్లలో దాదిని పెట్టుకొనిరి. 'దాది' అను మాట సంస్కృత 'ధాత్రి' నుండి వచ్చినది. సుశ్రుతుడు, చరకుడు ఇద్దరును ధాత్రి యెట్టి వయసున, ఎట్టి శరీరముతో, ఎట్టి నడవడితో ఉండవలెనో వివరించిరి. ఆమె పాలను నీటిలో వేసి చూచి, నీటితో చక్కగా కలిసినచో మంచివని నిర్ణయించుట ఆనాటి పరీక్ష. ఆ పరీక్ష నేటి ప్రయోగశాల కొప్పదు. కాని సుశ్రుతుని గ్రంథమున నేటి వైద్యులును తల యూపవలసిన మాటలు రెండు కలవు. ఒకటి: పాలు నిండి బిగిసిన రొమ్మును ముందుగా కొంచెము పిండి వదలక బిడ్డ నోట పెట్టినచో, ధార యుద్ధృతముగా వచ్చి బిడ్డకు పొలమారును, దగ్గు, వాంతి కలుగును. రెండవది: కోపము చేతను, దుఃఖము చేతను తల్లికి పాలు వెనుకకు తీయును, బిడ్డను తాకినను, చూచినను, తుదకు తలచుకొన్నను పాలు చేపునకు వచ్చును. నేడు దీనిని ఆక్సిటోసిన్ అను రసము చేయు పనిగా వివరించుచున్నారు. ఈ రెండవ మాటతో ముందు పనియున్నది.

రెండవ యుపాయము ఉగ్గుగిన్నె. ఇది కంచుతోనో, ఇత్తడితోనో, వెండితోనో చేసిన చిన్న గిన్నె. ఒక ప్రక్క పొడవైన సన్నని ముక్కు, పిచ్చుక ముక్కువలె ముందుకు సాగియుండును. తమిళులు దీనిని 'పాలాడై' యందురు. శంఖాకృతిలో నున్నదానిని 'సంగు' అందురు. పుట్టింటివారు బాలసారెనాడు వెండి ఉగ్గుగిన్నె తెచ్చుట తెలుగిండ్లలో మర్యాద. 'ఉగ్గు' అనగా వట్టి పాలు కాదు. ఆముదమునో, అరగదీసిన వసనో చనుబాలలో రంగరించి పోయునది ఉగ్గు. తమిళదేశమున వసకు 'పిళ్ళై వళర్ప్పాన్', అనగా బిడ్డను పెంచునది, అను పేరే కలదు. పేరెంత గొప్పదైనను, ఆరు నెలలు నిండువరకు చనుబాలు తప్ప మరేదియు బిడ్డ నోట వేయరాదని నేటి వైద్యశాస్త్రము నిశ్చయించినది. పురుడు పోసుకొనగానే వచ్చు చిక్కని పసుపుపచ్చ ముర్రుపాలను చెడ్డవని పిండి పారబోయుటయు, ఆ బదులు గాడిదపాలు సంగుతో పట్టుటయు ఈ సీమలో విరివిగా నుండిన ఆచారములు. గాడిదపాలలో మాంసకృత్తులును, చక్కెరయు చనుబాలకు దగ్గరగా నుండుట నిజమే. కాచకుండ పోసిన ఆ పాలతో రోగము వచ్చుటయు నిజమే. పారబోసిన ముర్రుపాలే బిడ్డకు మొదటి రక్షయని తెలియుటకు తరములు పట్టినది. ఇక్కడ పూర్వుల పక్షము వహించి వాదించుటకు వీలులేదు.

అయితే గిన్నెను మాత్రము తప్పు పట్టరాదు. దానిని వాడు తీరులో విద్య యున్నది. అనుభవము గల ముసలమ్మ నేలపై కూర్చుండి, కాళ్ళు చాచి, బిడ్డ తలను మోకాళ్ళవైపు ఎత్తుగా నుంచుకొనును. గిన్నె ముక్కును క్రింది పెదవిపై, నోటి మూలగా ఆనించును. పాలు బిడ్డ నాలుకకు తగిలి, బిడ్డ చప్పరించి మ్రింగువరకు ఆగును. మ్రింగిన తరువాత మరికొంచెము వంచును. తొందర గల చేతులు ఇట్లు చేయవు. అవి ఏడ్చుచున్న బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, గొంతులో గ్రుమ్మరించును. పాలైనను, నూనెయైనను అట్లు పోసినచో ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము తెచ్చును. నూనె ఊపిరితిత్తులలో చేరి కలిగిన న్యుమోనియాను దక్షిణదేశపు శిశువైద్యులు పలుమారులు గుర్తించిరి. ఒకే గిన్నె, ఒకే పాలు. చేయి మారిన ఫలితము మారును.

ఈ గిన్నె కథ ఇంటిలో ముగియలేదు. నెలలు నిండని బిడ్డలకు ఏ సాధనముతో పాలు పట్టుట మేలని భారతీయ వైద్యులు పరీక్షించి, 1999 లో ఫలితములు ప్రకటించిరి. సీసా, మామూలు గిన్నె, ఉగ్గుగిన్నె మూడింటిని పోల్చి చూడగా, ఉగ్గుగిన్నెతో బిడ్డలు తక్కువ కాలములో ఎక్కువ పాలు త్రాగిరి, నెమ్మదిగాను ఉండిరి. ఆ పరిశోధకులలో నొకరగు డాక్టరు ఇందిరా నారాయణన్ అంతకుముందే, 1980 ప్రాంతమున, బరువు తక్కువ బిడ్డలకు పిండిన తల్లిపాలు కొంతయైనను ఇచ్చినచో అంటురోగములు తగ్గునని చూపిన విదుషి. ఇది చదివి మనవారు మీసము మెలివేయుటకు ముందు మరొక మాట వినవలెను. 2007 లో ఇంగ్లండు వైద్యులు తమ ఆసుపత్రిలో ఇట్టి బిడ్డలకే ఉగ్గుగిన్నెను సీసాతో పోల్చి చూచి, గిన్నెతో పాలు ఎక్కువగా ఒలికినవనియు, బిడ్డలు మరింత అలసిరనియు వ్రాసిరి. ఈ రెండును ఒకదానినొకటి కొట్టివేయు మాటలు కావు. పుట్టినది మొదలు ఆ గిన్నెను చూచిన చేతులకును, క్రొత్తగా నేర్చిన చేతులకును గల అంతరము ఇందులో కొంత యుండవచ్చును. విద్య గిన్నెలో లేదు, పట్టుటలో నున్నదని ముసలమ్మలు ఎరిగినదే ఈ రెండు పరిశోధనలను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు తోచుచున్నది.

ఇక పాలు కుడువలేని బిడ్డను గన్న తల్లి పడిన మాటల బాధను కూడ చరిత్రలో చేర్చవలెను. పెదవియో, అంగిలియో చీలి పుట్టుటను తెలుగున 'గ్రహణపు మొర్రి' యందురు. పేరులోనే నేరారోపణ యున్నది. గ్రహణము పట్టినప్పుడు గర్భిణి కదలినదట, కత్తి పట్టినదట, కూర తరిగినదట! సుమారు ఏడు వందల కాన్పులలో నొకదానియందు కనబడు ఈ లోపము, గర్భములో మొదటి రెండు మూడు నెలలలో ముఖభాగములు అతుకుకొను సమయమున ఏర్పడునది. సూర్యచంద్రులకును, కూరగాయల కత్తికిని దానితో సంబంధము లేదు. పెదవి మాత్రమే చీలిన బిడ్డ తరచుగా రొమ్ము పట్టగలదు. అంగిలి చీలిన బిడ్డ నోటిలో గాలి నిలువదు, కనుక ఎంత చీకినను పాలు రావు. అంతసేపు చీకి, అలసి, ఆకలితో నిద్రపోవు ఆ బిడ్డను చూచి 'తల్లికి పాలు లేవు' అని ఇంటివారు తీర్పు చెప్పిరి. పాలున్న తల్లి, లేవన్న మాట పడి, దుఃఖించి, ఆ దుఃఖము చేతనే పాలు తీసిపోయిన ఉదంతములు ఎన్ని యుండెనో! సుశ్రుతుని మాట ఇట్లు విపరీతముగా నిజమైనది.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ సీమ ముఖము మారెను. 1888 లో కోయంబత్తూరున మొదటి నూలుమిల్లు, 1892 లో మధురలో హార్వీ మిల్లు వెలసినవి. 1910 లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లును స్థాపించెను. 1930 దశకమున పైకారా విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట మిల్లులు వరుసగా లేచినవి. పొలములో పనిచేయు తల్లి గట్టున చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడ్చినప్పుడు వచ్చి పాలిచ్చెడిది. మిల్లుగంటకు చెట్టుకొమ్మ లేదు. మద్రాసు రాజధానిలో 1930 దశకముననే ప్రసూతి ప్రయోజన శాసనము వచ్చినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము స్త్రీలు ఎక్కువగా పనిచేయు చోట్ల శిశుగృహములుండవలెనని విధించినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, బిడ్డకు పదునైదు నెలలు నిండువరకు పాలిచ్చుటకై దినమునకు రెండు విరామములను హక్కుగా నిచ్చినది. 2017 లో సెలవు ఇరువదియారు వారములకు పెరిగినది. విరామముల యేర్పాటు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోనికిని వచ్చినది. మంచిదే. కాని శాసనము దృష్టిలో బిడ్డలందరును ఒక్కటే. పది నిమిషములలో కడుపు నింపుకొను బిడ్డకును, గుండె లోపముచే నాలుగు గుటకలకొకసారి ఆయాసపడి ఆగు బిడ్డకును అవే రెండు విరామములు. రెండవ బిడ్డ తల్లి ఉద్యోగము మానుకొనుటయే ఆనవాయితీ యయ్యెను. ఆ మానుకొన్న ఉద్యోగములు ఏ లెక్కలలోను చేరలేదు.

ఈ కాలముననే డబ్బాపాలు ఇండ్లలో ప్రవేశించినవి. గ్లాక్సో డబ్బా అటకపై నుండుట ఒకనాడు నాగరికతకు గుర్తు. తల్లికి జ్వరము వచ్చిన మూడు దినములకని తెచ్చిన డబ్బా మూడు నెలలు నడచెను, తల్లిపాలు ఇగిరిపోయెను. సీసాను కడుగుటకు శుభ్రమైన నీరు లేనిచోట విరేచనములు వచ్చెను. 1981 లో ప్రపంచారోగ్య సభ డబ్బాపాల వ్యాపారమునకు హద్దులు విధించు నియమావళిని అంగీకరించెను; భారతదేశము 1992 లో ప్రత్యేక చట్టము చేసి, 2003 లో దానిని బిగించెను. ప్రకటనలు ఆగినవి. జబ్బుపడిన తల్లికి 'సీసా పట్టుము' అని చెప్పుట సులభము, పాలు నిలుపుకొను ఉపాయము చెప్పుట కష్టము. చట్టము ఆ రెండవ పనిని చేయజాలదు. అది చేయువారు వేరు.

మధుర పేరెత్తగానే వైద్యలోకము స్మరించు డాక్టరు జి. వెంకటస్వామి జీవితమును ఇక్కడ చెప్పుట అప్రస్తుతము కాదు. ఎట్టయపురము ప్రాంతమందలి వడమలాపురమున 1918 లో జన్మించిన ఆయన, బాల్యమున దగ్గరి బంధుస్త్రీలు ముగ్గురు గర్భిణులుగా నుండి మరణించుట జూచి ప్రసూతి వైద్యుడు కాగోరెను. 1944 లో మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాలలో పట్టము పొంది సైన్యమున చేరెను. అంతలో తీవ్రమైన కీళ్ళవాతము పట్టి మంచమెక్కించి, వ్రేళ్ళను వంకరలు త్రిప్పివేసెను. కలము పట్టుటయే కష్టమైన ఆ చేతులతో ప్రసూతి వైద్యము సాగదు. ఆయన నేత్రవైద్యము నేర్చి, తన వ్రేళ్ళకు తగినట్లు శస్త్రము పట్టుకొనుట అభ్యసించి, లక్షకు మించి కంటి శస్త్రచికిత్సలు చేసెను. 1976 లో పదునొకండు మంచములతో ఆయన ఆరంభించిన అరవింద నేత్రాలయము లోకప్రసిద్ధము. 2006 లో ఆయన గతించెను.

వంకర తిరిగిన వ్రేళ్ళకు తగినట్లు పనిని మలచుట, పనికి తగినట్లు సాధనమును మలచుట: ఆయన తనకు తాను చేసికొన్న ఈ కార్యమునకే శాస్త్రములో ఆక్యుపేషనల్ థెరపీ యని పేరు. 1917 లో అమెరికాలో ఒక వ్యవస్థగా రూపొందిన ఈ చికిత్సను మన దేశమునకు తెచ్చినది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమును తనదిగా చేసికొన్న ఆమె 1950 లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాలను నెలకొల్పెను. 1952 లో అఖిల భారత సంఘము ఏర్పడెను. తెలుగున దీనిని 'వృత్తిచికిత్స' యనుచున్నారు. మాట కొంత దారి తప్పించుచున్నది. వృత్తి యనగా జీతము వచ్చు పని యని మనవారు తలంతురు. ఈ శాస్త్రములో వృత్తి యనగా మనుష్యుడు దినమెల్ల చేయు పనులన్నియు: తినుట, కట్టుకొనుట, స్నానము, ఆట. పసిబిడ్డకు వృత్తి యేది? పాలు త్రాగుటయే. బాలింతకు ఆ మాసములలో ప్రధానమైన వృత్తి యేది? పాలిచ్చుటయే. ఇద్దరిలో నెవరికి అంగబలము తగ్గినను ఆ పనిని తిరిగి సాధ్యము చేయుట ఈ చికిత్సకుల విధి.

కీళ్ళవాతమునే తీసికొందము. గర్భము ధరించినప్పుడు ఈ జబ్బు చాలమందికి నెమ్మదించును, ప్రసవానంతరము తిరుగబడును. అనగా బిడ్డను ఎత్తవలసిన దినముననే మణికట్టు మొరాయించును. అట్టి తల్లికి చికిత్సకురాలు చెప్పునది మందు కాదు. మందులు చెప్పువాడు వైద్యుడు. వానిలో మెథోట్రెక్సేట్ వంటివి పాలిచ్చు తల్లికి పనికిరావు కనుక ఆయన సలహా తప్పనిసరి. చికిత్సకురాలు మొదట తల్లి కూర్చుండు తీరును చూచును. బిడ్డ తలను అరచేతితో మోయక ముంజేతిపై ఆనించుకొనుమనును. ఒడిలో దిండు వేసి బిడ్డనే రొమ్ము యెత్తునకు తెచ్చును, తల్లిని వంగనీయదు. శస్త్రచికిత్సతో ప్రసవమైనచో, కడుపుపై భారము పడకుండ బిడ్డను చంక క్రిందుగా ప్రక్కకు పట్టుకొనుట నేర్పును. ప్రక్కవాటుగా పరుండి పాలిచ్చుట మన బామ్మలెరిగినదే. పక్షవాతము వచ్చిన తల్లికి ఏ ప్రక్క పరుండిన మంచి చేయి ఖాళీగా నుండునో చూచి చెప్పుట క్రొత్త. రవిక హుక్కులు వ్రేళ్ళకు లొంగనిచో వానిని మార్చును. దినములో ఏ పనిని మానిన పాలిచ్చుటకు ఓపిక మిగులునో అత్తగారిని, భర్తను కూర్చుండబెట్టి తేల్చును. ఈ కడపటిది అన్నిటికంటె కష్టమైన పని.

వెన్నెముకకు దెబ్బ తగిలిన తల్లుల విషయము మరింత ఆలోచింపదగినది. దెబ్బ నడుము దగ్గర నున్నచో రొమ్ము నరములకు హాని లేదు. పాలిచ్చుటకు ఆటంకమును లేదు, ఎత్తుకొనుటకు సాయము చాలును. దెబ్బ రొమ్మునకు పై భాగమున నున్నచో, బిడ్డ చప్పరించిన సంగతి మెదడునకు చేరదు, చేపు రాదు. అట్టి స్త్రీలలో కొందరు కన్నులు మూసికొని, బిడ్డను మనసున నిలుపుకొని తలపోయుట అభ్యసించి చేపు తెచ్చుకొనగలిగిరని వైద్యులు వ్రాసిరి. తలచుకొన్నను పాలు వచ్చునన్న సుశ్రుతుని మాట రెండువేల యేండ్ల దూరమునుండి చక్రపుకుర్చీ ప్రక్కకు వచ్చి నిలిచినట్లున్నది.

బిడ్డ వైపు చూడగా, చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడును తాళము తప్పక సాగవలెను. గర్భస్థశిశువునకు ఈ మూడింటి పొందిక సుమారు ముప్పదినాలుగవ వారమునకు గాని కుదురదు. అంతకుముందే పుట్టిన బిడ్డ నోటికి రొమ్మందించినంత మాత్రమున త్రాగలేదు. గొట్టము ద్వారా పిండిన పాలు పోయుచు, తల్లి రొమ్ముపై చర్మము చర్మమునకు తగులునట్లు పరుండబెట్టుచు, నెమ్మదిగా నోటికి అలవాటు చేయవలెను. తల్లి యెడదయే పొదుగుపెట్టెగా చేయు ఈ పద్ధతి 1978 లో కొలంబియా దేశపు బొగోటా నగరమున పెట్టెల కొరతచే పుట్టి లోకమంతట ప్రాకెను. డౌన్ లక్షణము గల బిడ్డలకు కండలు వదులు. వారి దవడ జారిపోకుండ, తల్లి అరచేతితో రొమ్మును మోయుచు, బొటనవ్రేలు చూపుడువ్రేలు నడుమ బిడ్డ గడ్డమును, చెక్కిళ్ళను నిలుపుట నేర్పుదురు. గుండె లోపము గల బిడ్డకు కొంచెము కొంచెముగా మాటిమాటికి. అంగిలి చీలిన బిడ్డకు కూర్చుండబెట్టి, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో. మరల ఆ గిన్నె యొద్దకే వచ్చితిమి.

దాది సంప్రదాయమును మరొక రూపున తిరిగి వచ్చినది. 1989 నవంబరు 27 న బొంబాయి సయన్ ఆసుపత్రిలో డాక్టరు అర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాఖండమునకే మొదటిదగు తల్లిపాల నిధిని నెలకొల్పెను. ఇటీవలి దశాబ్దమున మధుర, కోయంబత్తూరు ప్రభుత్వ వైద్యశాలలలోను అట్టి నిధులు వెలసినవి. పాలు మిగిలిన తల్లి ఇచ్చును. ఆమె రక్తమును పరీక్షించి, ఆ పాలను 62.5 డిగ్రీల వేడిమిలో అరగంట యుంచి, చల్లార్చి, నిలువచేసి, తల్లి కరవైన బిడ్డకు పోయుదురు. మంగమ్మ నాటి దాదికి పేరు లేదు. నేటి దాతకును బిడ్డకును కూడ ఒకరి పేరొకరికి తెలియదు.

2013 లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య పథకము క్రింద జిల్లా ఆసుపత్రులలో లోపములతో పుట్టిన బిడ్డలను తొలినాళ్ళలోనే చూచుటకు కేంద్రములేర్పడినవి. వానిలో ఇట్టి చికిత్సకులకును స్థానము కలదు. 2021 లో వచ్చిన చట్టము ఈ వృత్తికి దేశవ్యాప్తమైన గుర్తింపు నిచ్చినది. అయినను ఇంటిలో తెలుగు మాత్రమే మాటలాడు నాయనమ్మయే నేటికిని బాలింత ప్రక్కన కూర్చుండునది. 'పొజిషన్ మార్చండి' యన్న మాట ఆమెకు చేరదు. 'ఒడి ఎత్తు చేసికో, బిడ్డను నీ దగ్గరకు తీసికో, నీవు బిడ్డ మీదికి వంగకు' అన్నచో చేరును. చేపు, ముర్రుపాలు, పొలమారుట, కుడుచుట, గుటక: పాలిచ్చు పనికి కావలసిన మాటలన్నియు తెలుగింట సిద్ధముగా నున్నవి. తమిళబడిలో చదివిన మనుమరాలికి వానిలో సగము తెలియవు. ముసలమ్మకు తెలిసిన మాటలను వ్రాసి యుంచువారు తక్కువ. సంఘముల పక్షమున ఒక చిన్న పట్టిక అచ్చువేయించి ప్రసూతి వార్డులలో నుంచుట పెద్ద ఖర్చు కాదు.

ఆంగ్ల వైద్యపత్రికలలో ఆ గిన్నెకు 'పాలాడై' యను తమిళపు పేరే స్థిరపడినది. అందులకు విచారము లేదు. నర్సు పాలాడై తెమ్మన్నప్పుడు, అది ఇంటి బీరువాలో గుడ్డ చుట్టి దాచిన వెండి ఉగ్గుగిన్నెయేయని బాలింతకు చెప్పువారు ప్రక్కన నున్న చాలును. దాని ముక్కు లోపల పాలజిడ్డు నిలుచును కనుక, పోసిన ప్రతిసారియు సబ్బునీటితో సన్నని బ్రష్షుపెట్టి తోమి, మునుగునంత నీటిలో కాచవలెను. బిడ్డను సగము కూర్చుండబెట్టి, ముక్కును క్రింది పెదవి మూలకు ఆనించి, మ్రింగిన పిమ్మటనే మరల వంచవలెను.